పెన్న ముఖద్వారం దగ్గర కదలని నీళ్లు: పాత టోపోషీటుతో చేసిన ఒక కేస్ స్టడీ

కోవూరుకు తూర్పున, పెన్నకు ఉత్తరపు ఒడ్డున, సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక ఊరి రైతులు నా దగ్గరికి తెచ్చిన సమస్య ఇది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు వాళ్ల వరి కయ్యలన్నీ మునిగాయి. అది వాళ్లకు ఒక్కరికే జరిగింది కాదు. పడుగుపాడు దగ్గర రైలు మార్గం దెబ్బతింది, జాతీయ రహదారికి గండి పడింది, నదికి రెండు వైపులా ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. అయితే పక్క ఊళ్లలో నీళ్లు దిగిపోయి మళ్లీ నారు పోసుకునే వేళకు కూడా వీళ్ల తూర్పు కయ్యల్లో నీళ్లు కదలలేదు. తర్వాతి ఏళ్లలో వరద రాకపోయినా అంతే. కార్తీకంలో రెండు రోజులు గట్టిగా వాన పడితే చాలు, అదే చోట మోకాటి లోతు నీళ్లు నిలిచేవి. వరి పొట్ట మీద ఉన్నప్పుడు నీళ్లు అలా నిలిస్తే ఆ రైతుకు ఆ ఏడాదికి ఇక ఏమీ మిగలదు.

"సముద్రం కనుచూపు మేరలో ఉంది. నీళ్లు ఎందుకు పోవడం లేదో చెప్పండి సార్" అని అడిగారు. నేను లైసెన్సు ఉన్న సర్వేయర్‌ని. భూముల కొలతలు, మురుగు కాలువల లెవెళ్లు, పటాలు గీయడం నా వృత్తి. ఆ ప్రశ్నకు జవాబు దొరికింది వందేళ్ల కిందటి ఒక టోపోషీటులో, అంటే నేల తీరును మైలుకు ఒక అంగుళం ప్రమాణంలో చూపే భారత సర్వే శాఖ పటంలో. అలాంటి షీటును ఎలా చదవాలో, దాన్ని ఏమి అడగవచ్చో, ఏమి అడగకూడదో ఈ పనిలో స్పష్టంగా తేలింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అప్పటికి ఊళ్లో ఒకరి మాటకు ఒకరికి పొంతన లేదు. రైతులు రొయ్యల గుంటల కట్టలనే తప్పు పట్టారు. గుంటల యజమానులు బకింగ్‌హామ్ కాలువలో పూడిక తీయకపోవడమే కారణమన్నారు. మూడో మాట కొంచెం ప్రమాదకరమైనది. భూమి తూర్పుకు వాలు, సముద్రం తూర్పున ఉంది, కాబట్టి కయ్యల నుంచి సముద్రం దిక్కుగా నేరుగా ఒక మురుగు కాలువ తవ్వితే సరిపోతుందని ఒక ప్రతిపాదన తయారవుతోంది. కాగితం మీద అది చాలా సబబుగా కనిపిస్తుంది. కానీ ఆ గీత తూర్పున ఉన్న ఇసుక దిబ్బను కోసుకుంటూ పోతుంది. ఆ దిబ్బలోనే ఊరి దొరువులు, అంటే తాగునీటికి ఇసుకలో తవ్వుకున్న గుంటలు ఉన్నాయి. వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ పలచటి పొరగా నిలుస్తుంది. దొరువు తోడుకునేది ఆ పై పొరనే. దిబ్బను తెగ్గొట్టి కాలువ వేస్తే వానాకాలంలో నీళ్లు బయటికి పోవచ్చు. వేసవిలో అమావాస్య పోటుకు సముద్రం అదే దారిన లోపలికి వస్తుంది. ఒకసారి దొరువు ఉప్పు తిరిగితే మళ్లీ తీపి కావడానికి ఎన్ని వానలు పట్టాలో ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ఈ పనిలో తొందర పడకూడదని మొదటి రోజే అనుకున్నాను.

షీటు

నెల్లూరు మనిషికి ఒక చిత్రమైన ఇబ్బంది ఉంది. భారత సర్వే శాఖ దేశాన్ని నాలుగు డిగ్రీల గళ్లుగా విడగొట్టి అంకెలు ఇచ్చింది. ఒక్కో గడిని ఎ నుంచి పి దాకా పదహారు డిగ్రీ షీట్లుగా, ఒక్కో డిగ్రీ షీటును మళ్లీ పదహారు చిన్న షీట్లుగా చేసింది. 57వ గడి, 66వ గడి కలిసే గీత 80 డిగ్రీల రేఖాంశం. అది సరిగ్గా నెల్లూరు పట్టణం అంచున పోతుంది. కాబట్టి నెల్లూరు పట్టణం 57 ఎన్/15లో ఉంటే పెన్న ముఖద్వారం 66 బి/2లో ఉంటుంది. ఒకే నది చివరి భాగాన్ని చూడాలంటే రెండు షీట్లు పక్కపక్కన పెట్టుకోవాలి. 66 బి/2లో తూర్పు భాగం చాలా వరకు సముద్రమే కావడంతో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మాకు కావలసింది ఆ షీటే.

ఇప్పటి 1:50,000 షీట్లు ఉన్నాయి. 2005 పటాల విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్‌లో అవి ప్రజలకూ దొరుకుతాయి. అయితే వాటిలో కనిపించేది రోడ్లూ గుంటలూ వచ్చాక ఉన్న నేల. నాకు అంతకుముందు నేల కావాలి. నెల్లూరులో ఒక పెద్దాయన ఇంట్లో, ఆయన తాతగారి కాలం నుంచి ఉన్న ఇనప్పెట్టెలో, మైలుకు అంగుళం ప్రమాణంలో అచ్చయిన పాత ప్రతి దొరికింది. మద్రాసు ప్రెసిడెన్సీ, నెల్లూరు జిల్లా అని పైన ఉంది. అంచున సర్వే చేసిన కాలం 20వ శతాబ్దం తొలి పాదం, అచ్చు వేసిన సంవత్సరం దాని తర్వాతది. ఈ రెండింటి తేడా చాలామంది గమనించరు. అచ్చు సంవత్సరాన్నే పటం వయసుగా రాసేస్తారు. నేల మీద నడిచిన మనిషి ఏ సంవత్సరంలో నడిచాడన్నదే సాక్ష్యం. అచ్చు సంవత్సరానికి ఆ విలువ లేదు.

ఇంకో సంగతి. సర్వే బృందాలు సాధారణంగా వానలు వెనకబట్టాక బయలుదేరి ఎండలు ముదిరే లోపు పని ముగించేవి. నెల్లూరు తీరానికి వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అంటే ఈ పటంలో ఉన్నది పొడి నెలల పెన్న. అందుకే నది వెడల్పంతా ఇసుక చుక్కలు, మధ్యలో సన్నటి నీలం పాయ కనిపిస్తాయి. ఈ విషయం మనసులో పెట్టుకుంటే షీటులో ఒక చిన్న గీతకు పెద్ద అర్థం వస్తుంది. మా ఊరి తూర్పు కయ్యల మీదుగా ఒక వాగు ఉంది. దానికి నీలం నింపి ఉంది. పొడి నెలల్లో కూడా నీలం ఉందంటే అందులో పోటు నీరు ఆడుతోందని. అంటే ఆ రోజుల్లో ఆ వాగుకు సముద్రంతో బతికి ఉన్న లంకె ఉంది.

ఆ వాగు తూర్పుకు పోవడం లేదు. కయ్యల చివర ఉత్తరానికి తిరిగి, తీరానికి సమాంతరంగా మైలుకు పైగా పోయి, అప్పుడు ఒక చోట తూర్పుకు మళ్లి బకింగ్‌హామ్ కాలువలో కలుస్తోంది. కాలువ నుంచి ఉప్పుటేరు, ఉప్పుటేరు నుంచి సముద్రం.

ఎత్తు గీతలు లేని చోట ఎత్తు చదవడం

వాగు అలా ఎందుకు తిరిగిందో పటం నేరుగా చెప్పదు. ఈ షీట్లలో ఎత్తు గీతల మధ్య దూరం 50 అడుగులు. నెల్లూరు నుంచి సముద్రం దాకా నేల మొత్తం ఆ లెక్కకు అందనంత బల్లపరుపు. కొండ ప్రాంతపు షీటు చూసి అలవాటైన వాళ్లు ఇక్కడ గోధుమ రంగు గీతలు కనిపించక, ఈ పటం ఎత్తుల గురించి ఏమీ చెప్పదని పక్కన పెట్టేస్తారు. అది పెద్ద నష్టం. పల్లపు తీరంలో ఎత్తు గీతల్లో ఉండదు, మిగతా గుర్తులన్నింటిలో ఉంటుంది. నాకు ఈ వృత్తిలో అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే కాబట్టి కొంచెం ఆగి చెబుతాను.

ముందు చెట్లు చూడాలి. సర్వేయరు తాటిచెట్ల గుర్తులను ఊరికే అలంకారానికి వేయలేదు. మా షీటులో తాటి గుర్తులు తీరానికి సమాంతరంగా పొడవాటి వరసలుగా ఉన్నాయి. వరసకూ వరసకూ మధ్య ఖాళీ. తాటి నీళ్లు నిలవని ఇసుకలో, దిబ్బ మీద, దిబ్బ వాలులో పెరుగుతుంది. మధ్య ఖాళీలో వరి రంగు ఉంది. అంటే దిబ్బ, పల్లం, దిబ్బ, పల్లం. పెన్న తెచ్చిన ఇసుకను కెరటాలు ఒడ్డుకు పేర్చుకుంటూ పోగా, తీరం ముందుకు జరిగిన ప్రతిసారీ పాత ఒడ్డు ఒక దిబ్బగా వెనక మిగిలిపోయింది. ఆ దిబ్బల వరసలన్నీ ఒకప్పటి సముద్రపు అంచులే.

తర్వాత ఊళ్లు. షీటులో ఎర్రటి ఇళ్ల గుర్తులను మాత్రమే ఒక పల్చటి కాగితం మీదికి ఎత్తి రాశాను. పాలేలు, కండ్రిగలు, పట్టపుపాలేలు, ఈ చిన్న ఊళ్లన్నీ తాటి వరసల మీదే పడ్డాయి, పల్లంలో ఒక్కటీ లేదు. వందేళ్ల కిందట ఇల్లు కట్టుకున్న మనిషికి లెవెల్ యంత్రం అక్కరలేదు. తాతలు చూసిన వరద గుర్తు అతనికి తెలుసు. ఆ తర్వాత బావులు. నీలం చుక్కలుగా ఉన్న తాగునీటి బావులు, దొరువులు కూడా దిబ్బల మీదే గుంపులుగా ఉన్నాయి. తీపి నీళ్లు దొరికేది ఇసుకలో గనుక.

ఆఖరిది బండి దారి. చుక్కల గీతగా ఉన్న బాట ఒక దిబ్బ వెంబడి నేరుగా ఉత్తరానికి పోతూ ఒక చోట మాత్రం చిన్న వంపు తిరిగి, నీలం గీతను దాటి, మళ్లీ తన వరసలోకి వస్తుంది. తాటి గుర్తులు కూడా సరిగ్గా అక్కడే తెగాయి. ఇళ్లు లేవు, బావులు లేవు. దిబ్బకు అక్కడ తెగు ఉంది. ఆ తెగులోంచే వాగు తూర్పుకు మళ్లింది.

కాబట్టి వాగు ఉత్తరానికి పోవడంలో వింత ఏమీ లేదు. దిబ్బ అడ్డం ఉంది, నీళ్లు దాని వెంబడి పల్లంలో పాకుతూ తెగు దొరికే దాకా పోయాయి. భూమి తూర్పుకు వాలు అన్న మాట జిల్లా మొత్తానికి నిజం. ఈ ఊరి కయ్యలకు మాత్రం నిజం కాదు.

అంతరిక్షం నుంచి తీసిన ఎత్తుల లెక్కలను కూడా ముందు పెట్టుకుని చూశాను. 2000 ఫిబ్రవరిలో అమెరికా షటిల్ రాడార్‌తో తీసినవి ఉచితంగా దొరుకుతాయి, ఈ రోజుల్లో ప్రతి నివేదికలోనూ వాటి రంగుల బొమ్మ ఒకటి ఉంటుంది. మన తీరంలో వాటిని నమ్మకూడదు. ఆ రాడార్ నేలనే కాక సరుగుడు తోపుల తలలను కూడా నేలగా లెక్కవేస్తుంది. నేలకూ నేలకూ తేడా ఒకటి రెండు మీటర్లు ఉన్న చోట, తోపు కొట్టేసిన కయ్య పల్లంగా, తోపు ఉన్న కయ్య కొండగా కనిపిస్తుంది. నేరుగా తూర్పుకు కాలువ వేయాలన్న ప్రతిపాదనకు ఆధారం అలాంటి బొమ్మే.

పటాన్ని నేల మీద కూర్చోబెట్టడం

పాత షీటును కంప్యూటర్‌లో ఈనాటి చిత్రాల మీద సరిగ్గా అమర్చడం సాంకేతికమైన పని, ఇక్కడ తప్పటడుగు వేస్తే మిగతాదంతా వృథా. మా ప్రతి బట్టకు అంటించి మడతపెట్టిన రకం. అలాంటి ప్రతుల్లో కాగితాన్ని ముక్కలుగా కోసి, మడత కోసం మధ్యలో సన్నటి సందు వదిలి బట్ట మీద అంటిస్తారు. మొత్తాన్ని ఒక బొమ్మగా స్కాన్ చేసి అమరిస్తే ఒక్కో సందు నేల మీద పదుల మీటర్ల దోషం అవుతుంది. అందుకని ఒక్కో ముక్కను విడిగా స్కాన్ చేసి విడిగానే అమర్చాను. అంగుళం షీటు మీద అయిదు నిమిషాలకు ఒకటి చొప్పున అక్షాంశ రేఖాంశాల గీతలు ఉంటాయి, అవి కలిసే చోట్లు పదహారు. సముద్రం మీద కూడా ఆ గీతలు ఉండడం మాకు కలిసివచ్చింది. తూర్పున పట్టుకోవడానికి మరో ఆనవాలు లేదు.

ఇక్కడ మరో మెలిక. ఆ గీతల అంకెలను ఇప్పటి ఫోను జీపీఎస్ అంకెలుగా తీసుకోకూడదు. పాత షీట్లు 1830లో జార్జ్ ఎవరెస్ట్ లెక్కకట్టిన భూగోళపు ఆకారాన్ని, కల్యాణ్‌పూర్ మూలబిందువును ఆధారం చేసుకున్నవి. ఇప్పటి జీపీఎస్ ఆధారం డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే భూగోళపు లెక్క. రెండింటి మధ్య తేడా మన ప్రాంతంలో సుమారు రెండు వందల మీటర్లు. కాగితం మీద అది మూడు మిల్లీమీటర్లే కాబట్టి కంటికి ఆనదు. నేల మీద అది ఒక వాగును పక్క సర్వే నంబర్‌లోకి నెట్టేస్తుంది. అందువల్ల ముందు ఎవరెస్ట్ లెక్కలోనే అమర్చి, ఆ తర్వాత మార్చాలి.

మార్చాక సరి చూసుకోవడానికి నేల మీద కదలని వస్తువులు కావాలి. పాత గుడి గోపురం, బకింగ్‌హామ్ కాలువ లాకు రాతి గోడలు, త్రిభుజం గుర్తుతో ఉన్న సర్వే స్తంభం పనికొస్తాయి. నది గట్టు, సముద్రపు ఒడ్డు, ఇసుక దిబ్బ అంచు, బాటల కూడళ్లు ఎంత స్పష్టంగా కనిపించినా వాటి జోలికి పోకూడదు. మనం కొలవబోయేది వాటి కదలికనే అయినప్పుడు వాటినే మేకులుగా కొడితే కదలిక మాయమైపోతుంది.

అన్నీ సరిగ్గా కుదిరినా ఒక హద్దు ఉంటుంది. మైలుకు అంగుళం అంటే 1:63,360. కాగితం మీద మిల్లీమీటరు నేల మీద 63 మీటర్లు. అర మిల్లీమీటరు మందం గీత అంటే నేల మీద 32 మీటర్లు. వాగు నిజంగా పది మీటర్లే ఉన్నా పటం మీద అది అంత లావుగానే పడుతుంది, లేకపోతే కంటికి కనపడదు. కాబట్టి వాగు ఉందా, ఎటు పోయింది అన్న ప్రశ్నలకు పటం జవాబు చెబుతుంది. ఎంత వెడల్పు, ఏ గట్టు ఎవరి పొలంలో అన్న ప్రశ్నలకు చెప్పదు. ఈ వాక్యాన్ని నివేదికలో మొదటి పేజీలోనే రాశాను, దాని అవసరం తర్వాత వచ్చింది.

నేల మీద

వాగు గీతను ఫోనులోకి ఎక్కించుకుని కయ్యల్లో నడిచాం. చాలా చోట్ల కంటికి ఏమీ కనిపించదు. అన్నీ ఒకే రకం వరి మళ్లు. మాతో వచ్చిన నాట్లు వేసే ఆడవాళ్లను అడిగినప్పుడు అసలు సంగతి బయటపడింది.

"ఆ వరసలో కాలు మోకాటి దాకా దిగుతుంది సార్. ఎప్పుడూ అంతే. ట్రాక్టరు కూడా అక్కడికి పోదు, కూరుకుపోతుంది" అని ఒకామె చెయ్యి చాపి చూపించింది. ఆమె చెయ్యి చూపిన వరస, నా ఫోనులో ఉన్న నీలం గీత ఒకటే. మిగతావాళ్లు కూడా తాము జాగ్రత్తగా అడుగు వేసే చోట్లు ఒక్కొక్కటే చెప్పారు. ఏ మడి ఎవరిదో, ఎక్కడ నారు పడిపోతుందో వాళ్లకు పటం కన్నా బాగా తెలుసు. ఇలాంటి పనుల్లో పట్టాదారులను మాత్రమే అడిగి వచ్చేసే అలవాటు మన వృత్తిలో ఉంది. అది మానుకోవాలి.

తర్వాత చేతి బోరుతో మట్టి తీశాం. దిబ్బ వైపు మడిలో బోరు కొంచెం దిగగానే పసుపుపచ్చ ఇసుక వచ్చింది, చేతిలో పట్టుకుంటే జారిపోయేటంత పొడిది. అక్కడి నుంచి ఇరవై అడుగులు పడమరకు జరిగి, గీత మీద దింపితే నల్లటి బంక ఒండ్రు. బోరును బయటికి లాగడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది. కుళ్లిన వాసన. వేళ్ల మధ్య నలిపితే సన్నటి గవ్వల పెంకులు గరగరమని తగిలాయి. పోటు నీరు ఆడిన వాగు అడుగున ఉండే మట్టి అది. దారి పొడవునా కొన్ని చోట్ల ఇలాగే అడ్డంగా బోర్లు వేస్తూ పోతే ఇసుక, ఒండ్రు, ఇసుక అన్న వరుస మళ్లీ మళ్లీ వచ్చింది. ఎత్తులు కొలిచే ఆటో లెవెల్ యంత్రంతో నేల అడ్డకోతలు కూడా తీశాం. తూర్పు దిబ్బ తల కయ్యల కన్నా మనిషి ఎత్తు పైనే ఉంది. తెగు దగ్గర మాత్రం దిబ్బ దాదాపు కయ్యల మట్టానికి దిగింది.

తెగు దగ్గర నిలబడితే సమాధానం కళ్ల ముందే ఉంది. పాత బండి దారి ఇప్పుడు తారు రోడ్డు. దిబ్బ మీద నేరుగా పోతున్న రోడ్డును తెగులో మట్టి పోసి ఎత్తు చేసి, కింద రెండు సిమెంటు గొట్టాలు పెట్టారు. ఒక గొట్టం సగానికి పైగా పూడిపోయింది, రెండో దాని నోటికి గుర్రపుడెక్క అడ్డం పడింది. ఆ రోడ్డు వేసినవాళ్లకు అక్కడ ఒక చిన్న పంట కాలువ మాత్రమే కనిపించి ఉంటుంది. ఊరి తూర్పు పల్లం మొత్తానికి అదొక్కటే ద్వారం అన్న సంగతి నేల మీద నిలబడి చూస్తే తెలియదు, ఎత్తు నుంచి చూడాలి. లేదా పాత షీటు చూడాలి.

ఎప్పుడు మూసుకుపోయిందో తేల్చడానికి అమెరికా గూఢచార ఉపగ్రహం కరోనా చిత్రాలు ఉపయోగపడ్డాయి. 1960 నుంచి 1972 దాకా తీసిన ఆ చిత్రాలను 1995లో బయటపెట్టారు. మంచి వాటిలో రెండు మీటర్ల వస్తువు కూడా ఆనుతుంది. 1960 దశకం చివరి చిత్రంలో తెగు తెరిచే ఉంది, వాగు నల్లటి తాడులా కనిపిస్తుంది. ఆ తర్వాతి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల్లో రోడ్డు గీత వచ్చింది. 1990 దశకంలో నెల్లూరు తీరమంతా రొయ్యల సాగు కమ్ముకున్నప్పుడు వాగు మధ్య భాగం మీద చతురస్రపు గుంటలు వచ్చాయి. అంటే నీళ్లు నిలవడం రొయ్యల గుంటలతో మొదలు కాలేదు. రోడ్డు ముందు ద్వారం మూసింది, పారుదల లేక వాగు పూడింది, పూడిన వాగు ఎండు నేలలా కనిపించాక గుంటలు వచ్చాయి. ఈ వరుస చెప్పినప్పుడు ఇరువర్గాలూ ఒకరినొకరు తప్పు పట్టడం కొంత తగ్గింది.

పటాన్ని అడగరాని ప్రశ్న

నివేదిక సగంలో ఉండగా అసలైన ఒత్తిడి వచ్చింది. గ్రామ పటం, ఎఫ్ఎంబీ (రెవెన్యూ శాఖ పొలాల కొలతల పుస్తకం) స్కెచ్‌లు తీసి చూస్తే వాగులో పైభాగం, కిందిభాగం 'వాగు పోరంబోకు' అని ఉన్నాయి. మధ్యలో గుంటలు ఉన్న కొద్ది ముక్క మాత్రం పట్టా భూమి. టోపోషీటులో వాగు ఎక్కడా తెగకుండా ఉంది. అది చూసి కొందరు రైతులు, "ప్రభుత్వ పటంలోనే వాగు ఉంది, మధ్య భాగం ఆక్రమణ అని రాయండి" అని పట్టుబట్టారు.

రాయలేదు. వాళ్ల ఆవేదన నాకు తెలుసు, వాళ్ల పంట మునుగుతోంది. కానీ ఆ మాటకు పటంలో ఆధారం లేదు. భారత సర్వే శాఖ పటం నేల తీరును చూపడానికి గీసింది, ఆస్తి హద్దులు చెప్పడానికి కాదు. హద్దుల పని రెవెన్యూ సర్వేది, గొలుసు పట్టి లింకుల్లో కొలిచి ఎఫ్ఎంబీలో రాసినవాళ్లది. 32 మీటర్ల మందం ఉన్న గీతతో ఒకరి పట్టాలో ఎన్ని సెంట్లు వాగుదో చెప్పడం అన్యాయం. పైగా ఇలాంటి చోట వాగు ఒకే జాడలో ఉండదు. టోపో సర్వేకూ రెవెన్యూ సర్వేకూ మధ్య అది పక్కకు జరిగి ఉండవచ్చు. లేదా ఆ ముక్కలో అది పొలం గుండా పారే సన్నటి పాయ కావచ్చు, దానికి విడిగా నంబర్ వేయకుండా పట్టాలోనే కలిపి ఉండవచ్చు. అందులో ఏది జరిగిందో ఈ షీటు తేల్చలేదు.

చట్టంలో పటాల స్థానం గురించి కూడా వాళ్లకు వివరించాను. 1872 సాక్ష్య చట్టం 36వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అధికారంతో తయారైన పటాల్లోని విషయాలు, పటంలో మామూలుగా చూపే సంగతులకు సంబంధించినంత వరకు, కోర్టు పరిశీలించదగిన వాస్తవాలు. 83వ సెక్షన్ ప్రకారం అలాంటి పటాలు ఖచ్చితమైనవని కోర్టు ముందుగా భావిస్తుంది, అయితే ఒక దావా కోసం ప్రత్యేకంగా గీయించిన పటాన్ని నిరూపించుకోవాలి. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఈ సూత్రాలు ఉన్నాయి. అంటే 'ఇక్కడ ఒక పోటు వాగు ఉండేది' అని చెప్పడానికి ఈ షీటు గట్టి సాక్షి. 'ఈ గట్టు ఇతనిది కాదు' అని చెప్పడానికి దాన్ని బోను ఎక్కించకూడదు. ఎక్కిస్తే ఎదుటి వకీలు మొదటి ప్రశ్నలోనే ప్రమాణం గురించి అడిగి, ఆ దెబ్బతో మొదటి సాక్ష్యాన్ని కూడా పోగొడతాడు. రైతుల్లో ఒక పెద్దాయనకు ఈ మాట నచ్చింది. "నీళ్లు పోతే చాలు నాయనా, పట్టా ఎవరిదైతే మనకెందుకు" అని మిగతావాళ్లకు సర్దిచెప్పారు.

సూచనలు, తర్వాత జరిగింది

నేరుగా తూర్పుకు కాలువ తవ్వే ఆలోచన మానుకోవాలని నివేదికలో మొదట రాశాను. దిబ్బను తాకకూడదు. దానికి బదులు తెగు దగ్గర గొట్టాలు తీసేసి, పాత వాగు అడుగు మట్టానికి దించి, పెట్టె కల్వర్టు కట్టాలి. పైన రోడ్డు మట్టం మార్చనక్కర లేదు. రెండో పని మధ్య ముక్కది. అక్కడ పట్టాను తాకకుండా, గుంటల కట్టలకూ దిబ్బ పాదానికీ మధ్య ఉన్న సన్నటి జాగాలో పక్క కాలువ తీయవచ్చు. పాత వాగు జాడకు అది చాలా దగ్గర, లెవెళ్లు కూడా కుదిరాయి. మూడోది, బకింగ్‌హామ్ కాలువలో కలిసే చోట ఆటుకు తెరుచుకుని పోటుకు తానే మూసుకునే తలుపు. ద్వారం తెరిస్తే నీళ్లు పోవడమే కాదు, వేసవిలో ఉప్పునీరు వెనక్కి వస్తుంది. పాత వాగులో అది సహజం, అప్పుడు ఆ అంచున సాగు లేని పర్ర (ఉప్పు నేల) ఉండేది. ఇప్పుడు అక్కడ వరి ఉంది.

వీటికి తోడు పాత షీటు, కరోనా చిత్రం, ఇప్పటి ఉపగ్రహ చిత్రం ఒకే ప్రమాణంలో పక్కపక్కన అచ్చు వేయించి, మూడింటి మీదా తెగును ఎర్ర వలయంతో చూపించి ఇచ్చాను. ఇంజనీర్లతో జరిగిన సమావేశంలో లెక్కల కన్నా ఆ పేజీయే ఎక్కువ పని చేసింది. తూర్పు కాలువ ప్రతిపాదన పక్కకు వెళ్లింది.

కల్వర్టు పూర్తయింది. తర్వాత వచ్చిన ఈశాన్య రుతుపవనాల్లో తెగుకు దగ్గరగా ఉన్న ఉత్తరపు కయ్యల్లో నీళ్లు నిలవలేదు. దక్షిణపు కయ్యలకు మాత్రం ఉపశమనం ఇంకా అందలేదు, ఎందుకంటే మధ్య ముక్కలో పక్క కాలువ సగంలో ఉంది. ఇద్దరు గుంటల యజమానులు ఒప్పుకున్నారు. మూడో ఆయన తన కట్ట పాదం బలహీనపడుతుందని అడ్డు చెబుతున్నారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. కట్ట వైపు రాతి కూర్పు వేస్తే సరిపోతుందని అడ్డకోత గీసి ఇచ్చాను, దాని ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది నీటి సంఘంలో చర్చలో ఉంది. పోటు తలుపుకు అంచనా వేశారు, మంజూరు రావాలి. అది వచ్చే లోపు వేసవి పోట్లకు కల్వర్టు నోట ఇసుక బస్తాలు పేర్చుకోమని చెప్పాను. ఏ పోటుకు ఎంత ఎత్తు పేర్చాలో కల్వర్టు గోడ మీద రంగు గీతలు కూడా వేసి వచ్చాం.